అది బంద్ చెయ్

తిరుమలగిరిలో ఒక వృద్ధుల వసతిగృహంలో నేను సూపర్‌వైజర్‌ని. పొద్దున్నే ప్రతి గదిలోకీ వెళ్లి మూడు చూస్తాను: వెలుతురు, వెచ్చదనం, గాలి. కిటికీ రెండు వేళ్ల సందైనా తెరిచి ఉండాలన్నది మా నియమం. చలికాలంలో దాన్ని పాటింపజేయడానికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

రెండో అంతస్తులో రిటైరైన తెలుగు టీచరమ్మ ఉంటారు. నా సగం సగం మాటలు ఆవిడకు అస్సలు గిట్టవు. "అది తెచ్చారా?" అంటే చాలు, "అది అంటే ఏది?" అంటారు. నాకు చిర్రెత్తుకొస్తుంది.

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం ఆవిడ తలస్నానం చేశారు. ఆవిడ పనులు చూసే మా ఆయమ్మ కుంపట్లో బొగ్గులు రాజేసి, సాంబ్రాణి వేసి, ఆవిడ జుట్టుకు పొగ పడుతోంది. గదిలో నిప్పులు చూసి నాకు భయమేసింది. చెవి దగ్గర ఫోను, అవతల డాక్టరు. గుమ్మంలోంచే "అది బంద్ చెయ్, జల్ది!" అనేసి వెళ్లిపోయాను.

అరగంటకు ఆయమ్మ కింద బట్టలు ఆరేస్తూ కనబడింది.

"బంద్ చేసినవా?"

"చేసిన మేడం. కిటికీ, పైన వెంటిలేటర్ సుత. టీచరమ్మ చలి చలి అంటుండె గద."

"మరి కుంపటి?"

"గదిలనే ఉంది. జెర వెచ్చగుంటదని."

కిటికీ మూసినా మాకు బందే, స్టవ్ ఆర్పినా బందే, పని ఆపినా బందే. పరుగున మెట్లెక్కాను. మూసిన గదిలో బొగ్గులు మనిషిని నిద్రలోనే చంపేస్తాయని ఆయమ్మకు చెప్పాల్సినదాన్ని నేనే. ఏనాడూ చెప్పలేదు.

టీచరమ్మ మంచం మీద వాలిపోయి ఉన్నారు. పిలిస్తే పలకలేదు. ఇద్దరం కలిసి వరండాలోకి మోసుకొచ్చాం. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రాణానికి భయం లేదు కానీ తెలివి మునుపటిలా ఉంటుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు డాక్టరు. ఆయమ్మ ఏడుస్తూ నా కాళ్ల మీద పడబోయింది. తప్పు నాదని చెప్పకుండానే ఆమెను లేవనెత్తాను.

సాయంత్రం ఆవిడ కనురెప్పలు కదిలాయి. ఏం అడగాలో తోచక, "టీచరమ్మా, అది... ఎట్లుంది?" అన్నాను.

మాస్కు లోపల పెదవులు కదిలాయి. వంగి నా చెవి దగ్గరగా ఆనించాను.

"అది అంటే ఏది?"

మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చేశాను.