సోలనాయుడు, మోటారు తాత

ఆ రోజుల్లో మా అనకాపల్లిలో కరెంటు ఇంటికొచ్చే చుట్టం కాదు, మిల్లులో కొలువుండే దొర. కావాలంటే మనమే వెళ్లి చూసి రావాలి. ఇప్పుడు మీరు తలో ఊళ్లో ఉండి, గోడ మీద మీట నొక్కేసి, వెలిగిందో లేదో కూడా చూడకుండా వెళ్లిపోతారు. మేమైతే నొక్కాక కాసేపు నిలబడి చూసేవాళ్లం, నొక్కినందుకు ఏదో ఒకటి జరిగిందన్న తృప్తి కోసం. మొన్న పెద్ద మనవడు ఫోనులో, "ఆఫీసులో తగువుగా ఉంది నానమ్మా, నీళ్ల పైపుకి సోలనాయిడ్ వాల్వు పెట్టాలా, మోటారు వాల్వు పెట్టాలా అని. నీకవి తెలియవులే" అన్నాడు. తెలియకపోవడమేమిటి నాయనా! ఆ ఇద్దరి మధ్యా కూర్చుని ఉద్యోగం చేశాను. (వాల్వుల్ని ఇద్దరు అనకూడదేమో. కథ విన్నాక మీరే చెప్పండి.)

అవి యుద్ధం రోజులు. నాకు పదిహేనో ఏడు. మా సొంతూరు కోటవురట్లలో ఉన్న చదువు అయిపోయి, అనకాపల్లిలో మేనమామ ఇంటికి వచ్చి ఉన్నాను. మావయ్య ఒక చిన్న పంచదార మిల్లులో ఫిట్టరు. అక్కడ ఒకసారి పిండిన చెరకు పిప్పి మీద నీళ్లు చల్లి మళ్లీ పిండేవారు, మిగిలిన తీపి కూడా దిగిపోయేలా. ఆ నీళ్లు ఎత్తు మీదున్న ట్యాంకు నుంచి రావాలి. గానుగ దగ్గర గంట కొడితే పంపు గదిలో మనిషి నీళ్లు వదలాలి, మళ్లీ కొడితే ఆపాలి. ఆ మనిషి కాస్తా పటాలంలో చేరిపోయాడు.

"ఆ కుర్సీలో నాను కూసుంటాను మావయ్యా" అన్నాను.

"ఆడగుంటవి, నీకేటే అక్కడ?"

"గంట ఇనడానికి సెవులు సాలవేటి? మీసాలు కూడా కావాలా?"

మావయ్య తన మీసం ఒకసారి తడుముకుని, "సర్లే, మనిసి దొరికేదాకా కూసో. దొరికిన మర్నాడే కోటవురట్ల బండెక్కాలి" అన్నాడు. ఎక్కనంటే ఎక్కనని నేను అప్పుడే నిశ్చయించేసుకున్నాను. ఊళ్లో ఎదురుచూసేవి కళ్లాపి చల్లడం, తమ్ముణ్ణి ఎత్తుకోవడం. ఇక్కడ నేను వేలితో నొక్కితే, నాకు కనిపించనంత దూరంలో నీళ్లు పడతాయి. ఆ వేలిని తీసుకెళ్లి మళ్లీ పేడలో ఎలా పెట్టను?

అప్పటికే ఇంజనీరుగారు రెండు వాల్వులు తెప్పించి, పక్కపక్కనే ఉన్న రెండు పైపులకి బిగించారు, ఏది బాగుంటే అది ఉంచుదామని. సోలనాయిడ్ అన్న మాట మిల్లులో ఎవరికీ నోరు తిరగలేదు. మా వైపు ఏ వీధిలో చూసినా నాయుళ్లే కాబట్టి అది సునాయాసంగా సోలనాయుడు అయిపోయింది. అయిపోయాడు. మంచి కోపిష్టి. మీట నొక్కితే చాలు, లోపల తీగచుట్టకి కరెంటు తగిలి ఠక్కున తలుపు లేచిపోయేది. తెరిచి ఉన్నంతసేపూ కరెంటు లాగుతూ జుమ్మని మూలుగుతూ ఉండేవాడు, ఒళ్లు కాలిపోయేది. కరెంటు ఆగిందా, స్ప్రింగు ఠప్పున మూసేసేది, ఆ అదురుకి పైపంతా జల్లుమనేది. రెండోవాడికి మోటారు తాత అని నేనే పేరు పెట్టాను. నొక్కాక ముందు కాస్త ఆలోచించేవాడు. తర్వాత కిర్రుమంటూ, మర మీద మర తిప్పుకుంటూ, మీ ముత్తాతగారు తాంబూలం వేసుకున్నంత తీరిగ్గా తెరిచేవాడు. ఒకసారి తెరిచాక ఇంక కరెంటు అడిగేవాడు కాదు, ఒళ్లు చల్లగా ఉండేది. సగంలో ఆపమంటే సగంలోనే ఆగేవాడు. కాకపోతే కరెంటు పోతే ఎక్కడివాడు అక్కడే. తెరిచి ఉంటే తెరిచే ఉంటాడు.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర మావయ్యతో, "సోలనాయుడు ఇయ్యాల మరీ ఏడిగా ఉన్నాడు మావయ్యా. సెయ్యేత్తే సురుక్కుమంది" అన్నాను. "పొద్దుట్నించీ ఒక్కడే లాగుతున్నాడు గదా, పాపం" అని మావయ్య చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఒలే గుంటా, ఎవుడే ఆ నాయుడు?"

"పంపు గదిలోనోడే అత్తా. నా పక్కనే ఉంటాడు."

"నీ పక్కనా! నువ్వు సెయ్యేసేవా?"

"ఏడిగున్నాడో నేదో తెలాలంటే సెయ్యెయ్యాలి గదత్తా. రోజూ ఏత్తాను. ఇంజనీరుగారే సూత్తుండమన్నారు."

"ఓలమ్మ ఓలమ్మ! ఇంజనీరుగారే సెప్పేరా! రేపే కట్టు నీ మూట!"

చెయ్యి కాల్చుకుంటానని అత్తకి భయం కాబోలనుకున్నాను. అందుకే ధైర్యం చెప్పాను. "కాలితే కాలనీ అత్తా. నాను మాత్రం సోలనాయుణ్ణి ఒగ్గను. ఆడి పని తెలిసినోళ్లు నాకంటే ఎవులున్నారు?"

(ఇప్పుడు తలచుకుంటే ఆవిడ ఆ గరిటె నా మీదకి విసరకపోవడమే ఆశ్చర్యం.)

మర్నాడు నేను మూట కట్టలేదు. పొద్దున్నే మిల్లుకి పోయి కుర్చీలో కూర్చున్నాను. ఇంజనీరుగారు కూడా వచ్చి, ఆ రోజుతో ఏ వాల్వో తేల్చేస్తానన్నారు. అంతలో గొడుగు ఒకటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది, దాని వెనక అత్త.

"ఏడీ ఆ నాయుడు? జొరమొచ్చినోడు ఇంట్లో తొంగోక ఆడపిల్ల పక్కన ఏటి పని? బయటికి రమ్మనండి బాబూ!"

"ఏ నాయుడమ్మా?" అన్నారు ఇంజనీరుగారు, పాపం.

"సోలనాయుడండీ!"

ఆయన అత్తని చూసి, నన్ను చూసి, పైపుకేసి వేలు చూపించారు. అప్పుడే గంట మోగింది. నేను నొక్కాను. సోలనాయుడు ఠక్కుమని అత్త చెవి పక్కనే లేచాడు. అత్త గొడుగు వదిలేసి ఇంజనీరుగారి వెనక్కి వెళ్లింది. సరిగ్గా ఆ రోజే మిల్లుకి కరెంటిచ్చే డైనమోకి దగ్గు పట్టింది. కరెంటు పోవడం, ఠప్. రావడం, ఠక్. ఠప్, ఠక్, ఠప్. ఆ అదురుకి పైపు అతుకు సడలి, నీళ్లు చిమ్మి, అత్తనీ ఇంజనీరుగారినీ తలారా తడిపేశాయి.

సోలనాయుణ్ణి ఆపి తాత మీట నొక్కాను. ఏమీ జరగలేదు.

"మల్లీ నొక్కే!" అని గుమ్మంలోంచి మావయ్య అరిచాడు. "రెండోది నొక్కు!" అన్నారు ఇంజనీరుగారు, కళ్లజోడు తుడుచుకుంటూ. "బేగి నొక్కవే!" అని అత్త కూడా. నేను చేతులు రెండూ వెనక్కి కట్టేసుకున్నాను. నొక్కిన కొద్దీ తాత తికమకపడతాడు తప్ప తొందరపడడు. తాత కనక కదలకపోతే కోటవురట్లే. కిర్రుమంది. కరెంటు పోయినప్పుడల్లా ఆగుతూ, వచ్చినప్పుడల్లా ఆగినచోటు నుంచే తిరుగుతూ, మొత్తానికి తెరిచాడు. గానుగ ఆగలేదు.

నా గర్వం గంట మళ్లీ మోగేదాకానే. మూయమని నొక్కితే డైనమో పూర్తిగా చచ్చింది. తాత నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు, గానుగ దగ్గర నుంచి "వరదొచ్చేసిందిరా!" అని కేకలు. వాల్వుకి చేత్తో తిప్పే చక్రం ఒకటుంది. దాని మీద పడి లాగాను. కదల్లేదు. "జరగవే" అంటూ అత్త తడిసిన కొంగు బిగించి రెండో వైపు పట్టుకుంది. "నాయుడంటే సెయ్యెయ్యకూడదు గానీ, తాతకేటి!" అని ఆవిడ, నేను నవ్వాపుకుంటూ, ఇద్దరం కలిసి మూసేశాం.

ఇంజనీరుగారు పంచె పిండుకుంటూ తీర్పు చెప్పారు. చిన్న పైపుకి, టక్కున ఆగాల్సిన చోట సోలనాయుడు. పెద్ద పైపుకి, అదురు పనికిరాని చోట తాత. మనవడా, మీ ఆఫీసులో కూడా ఎంత పైపో, కరెంటు పోతే మూసుకోవాలో, ఉన్నట్టు ఉండాలో ముందు అడుగు, తర్వాత తగువు పడుదురు గాని.

నా సంగతి మాత్రం ఎవరూ తేల్చలేదు. రమ్మనలేదు, వద్దనీ అనలేదు. మర్నాడు మావయ్యకంటే ముందే వెళ్లి కూర్చున్నాను. ఎండెక్కాక ఆయన కొత్త మనిషినొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. నేను లేవలేదు. "ఇక్కడ కాళీ నేదు మావయ్యా" అన్నాను. మావయ్య మీసం తడుముకుని, అతణ్ణి బాయిలరు దగ్గరికి తీసుకుపోయాడు. పెళ్లయ్యేదాకా ఆ పని నాదే.

ఇప్పుడు నేను పెళ్లిళ్లకి వెళితే, ముందు వరసంతా ఖాళీగా ఉన్నా, "ఇక్కడ ఎవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగి, ఎవరో ఒకరు కూర్చోమనేదాకా నిలబడే ఉంటాను. ఆ పదిహేనేళ్ల గుంట కనిపిస్తే, అంత మొండితనం ఎక్కడ పారేసుకున్నావే అని అడగాలనిపిస్తుంది. కనిపించినా, ముసలావిడ అడిగిందని ఆగి జవాబు చెప్పే రకం కాదు అది.