పూరీ క్యాంపులో కట్టిన నేస్తం

మా ఇంట్లో నన్ను ఎవరూ ఏదీ అడిగేవాళ్లు కాదు. ఏ కూర వండాలో అత్తగారు చెప్పేది, ఏ మడిలో ఏ విత్తనం చల్లాలో మా ఆయన చెప్పేవాడు, ఎప్పుడు నోరు మూసుకోవాలో ఇద్దరూ కలిసి చెప్పేవాళ్లు. అలాంటి నా కోసం, మండల పరిషత్తు ఓట్ల లెక్కింపు అయిన మర్నాడు పొద్దున్నే ఇద్దరు పెద్దమనుషులు పంచెలు మోకాళ్ల పైకి ఎత్తి పట్టుకుని మా ఊరి గెడ్డ దాటి వచ్చారు. ఒకాయన రైసుమిల్లు యజమాని, రెండో ఆయన బట్టల కొట్టు యజమాని. మండలంలో ఉన్న రెండు పార్టీలకీ వాళ్లే పెద్దలు. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మా అరుగు మీద చెరో చివరా కూర్చున్నారు. ఒకాయన నన్ను "అమ్మా" అన్నాడు, రెండో ఆయన "సెల్లీ" అన్నాడు. మా అత్తగారు నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, వాళ్లతో పాటు నాకూ టీ తెచ్చి ఇచ్చింది.

సంగతేమిటంటే, గెలిచిన ఎంపీటీసీ సభ్యుల్లో ఎంతమంది మిల్లు వైపో అంతమందే కొట్టు వైపు. ఏ వైపూ కాకుండా ఇండిపెండెంటుగా గెలిచింది నేనొక్కదాన్నే. మండలాధ్యక్షురాలిని ఎన్నుకునేది మేమే, చేతులెత్తి. ఈసారి కుర్చీ ఆడవాళ్లకి రిజర్వు అయింది కాబట్టి ఇటు నుంచి మిల్లు ఆయన భార్య, అటు నుంచి కొట్టు ఆయన భార్య. నా చెయ్యి ఎటు లేస్తే కుర్చీ అటు పోతుంది. అన్నం కలుపుకోడానికీ పేడ ఎత్తడానికీ తప్ప దేనికీ పనికిరాదనుకున్న చెయ్యి! టీ గ్లాసు పట్టుకుని దాన్నే చూసుకుంటూ కూర్చున్నాను.

నేను నిలబడింది మాత్రం కుర్చీ కోసం కాదు, గెడ్డ కోసం. మా ఊరికీ నరసన్నపేట రోడ్డుకీ మధ్య పారే వాగు అది. ఎండాకాలం మేకలు కూడా దాటేస్తాయి. వాన పడిందంటే మాత్రం పెద్ద మనిషికి నడుం లోతు. మా ఊళ్లో బడి అయిదో తరగతి దాకానే. హైస్కూలు అవతల ఒడ్డున, ఇక్కణ్ణుంచి గంట కొడితే వినిపించేంత దూరంలో. ఆ గంట వింటూనే నా చదువు అయిదుతో ఆగిపోయింది. వచ్చే ఏడు నా కూతురు ఆరో తరగతి. ఆ పిల్ల చదువు కూడా ఈ ఒడ్డునే ఆగిపోతుందేమోనన్న భయంతోనే నామినేషన్ వేశాను. ఇంట్లో ఎవరితోనూ చెప్పకుండా వేశానంటే మీరు నమ్మాలి.

మా మావగారికి ఈ మండలం చరిత్ర అంతా నోటికొచ్చు. మా గెడ్డ చరిత్రా, మండలం చరిత్రా ఒకటేనంటారాయన. మండలాలు పుట్టకముందు సమితి ఉండేదట. సమితికి ఒకే కుటుంబం వాళ్లు తండ్రి తర్వాత కొడుకు ప్రెసిడెంట్లు. తండ్రి జీపులో వచ్చి వంతెనకి శంకుస్థాపన రాయి వేశాడు. దాని మీద మా ఊరి ఆడవాళ్లు బట్టలు ఉతుక్కున్నారు. కొడుకు వచ్చి, తండ్రి రాయి బాగాలేదని ఇంకో రాయి వేశాడు. దాని మీద మగవాళ్లు కొడవళ్లు నూరుకున్నారు. తర్వాత సమితి పోయి మండలాలు వచ్చాయి, పార్టీలు వచ్చాయి. ఒక పార్టీ వంతెన అంటే రెండో పార్టీ చెరువు అనేది, రెండో పార్టీ వంతెన అంటే మొదటి పార్టీ సమావేశం నుంచి లేచిపోయేది. ఆ తర్వాత ఆడవాళ్లకి సీట్లు ఇచ్చారు. ఆడవాళ్లు వచ్చారు, వాళ్ల వెనకాలే మొగుళ్లూ వచ్చారు. సంతకం ఆవిడది, కుర్చీ ఆయనది. "ఇన్ని మారాయి గానీ గెడ్డలో నీళ్లు మారలేదే అమ్మా" అనేవారు మావగారు.

అరుగు మీది ఇద్దరూ వంతెన వేయిస్తామనే ఒట్టు వేశారు. నేను మిల్లు ఆయన వైపే వెళ్లాను. కారణం చెబితే నవ్వుతారు. గెడ్డ దాటేటప్పుడు ఆయన చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. చెప్పు పోయినవాడికి వంతెన విలువ తెలిసి ఉంటుంది అనుకున్నాను.

ఇక క్యాంపు. ఈ మాట మీకు తెలిసే ఉంటుంది. చేతులెత్తే రోజు వచ్చేదాకా అవతలి పార్టీ వాళ్లు లాక్కుపోకుండా సభ్యుల్ని ఎక్కడో దాచిపెడతారు. ఫోన్లు లాగేసుకుంటారు. "ఎక్కడికి పోదామమ్మా?" అని మిల్లు ఆయన మర్యాదకి అడిగాడు, పాపం. బస్సులో ఉన్న ఆడవాళ్లందరం ఒక్కసారే "పూరీ!" అని అరిచాం. జగన్నాథుణ్ణి చూడాలని పెళ్లయినప్పటి నుంచీ ప్రతి ఆడమనిషికీ ఉంటుంది, తీసుకెళ్లే మొగుడే ఉండడు. ఊళ్లో మాత్రం తిరుపతి వెళ్లామని పుకారు వేయించాడాయన.

ఆ ప్రయాణం ఏం చెప్పను! నౌపడ దగ్గర ఉప్పు మళ్ల పక్కన తెల్లటి కుప్పలు చూసి మేం చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. రోజూ కూరలో వేసేదే కదా, చూసి అరవడానికి ఏముంది? ఏమీ లేదు. ఇంట్లో పొయ్యి వెలిగించక్కర్లేదు, గేదె పాలు పితకక్కర్లేదు, ఆ సంతోషానికి ఏది చూసినా కేకే. మిల్లు ఆయన భార్య, అంటే మా కాబోయే అధ్యక్షురాలు, నలుగురిలో నోరెత్తి ఎరగని మనిషి. ఆవిడ కూడా ఇచ్ఛాపురం దాటేసరికి కిటికీలోంచి తల బయటపెట్టి పాట ఎత్తుకుంది. ముందు సీట్లలో మొగుళ్లు వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ ఆపలేదు.

పూరీలో సముద్రంలోకి దిగాం. చీరలు కుచ్చెళ్లతో సహా తడిసిపోతుంటే ఒకళ్ల మీద ఒకళ్లం పడి నవ్వుతున్నాం. ఇంతలో ఒక అల ఎవర్నో బొద్దుగా ఉన్నావిణ్ణి ఎత్తి తీసుకొచ్చి సరిగ్గా మిల్లు ఆయన భార్య ఒళ్లో కూర్చోబెట్టింది. "ఓలమ్మో, నువ్వేటే ఇక్కడ?" అంది ఈవిడ. "మరి నువ్వేటే?" అంది ఆవిడ. చూద్దును కదా, బట్టల కొట్టు ఆయన భార్య! వాళ్ల క్యాంపు అరకు వెళ్లిందని మా వాళ్లు అనుకున్నారు. అక్కడా ఆడవాళ్లని అడిగారట, అక్కడా ఒక్కసారే "పూరీ!" అని అరిచారట.

మొగుళ్లు రెండు లాడ్జీల్లో పేకాడుతూ మా ఫోన్లకి కాపలా కాస్తున్నారు. మాకు కాపలా ఎవరూ లేరు. రెండు క్యాంపులవాళ్లం కలిసే గుడికి పోయాం. దర్శనం అయ్యాక గుడి ఆవరణలోని ఆనంద బజారులో మట్టి కుండల్లో ప్రసాదంగా అమ్మే అన్నం, పప్పు కొనుక్కుని నేల మీద కూర్చున్నాం. అక్కడ ఎవరు ఏ ఇంటివాళ్లని ఎవరూ అడగరు, అందరూ ఒక్కచోటే తింటారు. తింటూ తింటూ ఉండగా మిల్లు ఆయన భార్య ఒక ముద్ద తీసి కొట్టు ఆయన భార్య నోట్లో పెట్టింది. ఆవిడ కళ్లు తుడుచుకుని ఇంకో ముద్ద ఈవిడ నోట్లో పెట్టింది. మేమంతా ఆనందంతో చప్పట్లు కొట్టాం.

మా వైపు వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెబుతాను. జగన్నాథుడి ప్రసాదం ఒకరి నోట్లో ఒకరు పెట్టుకుంటే నేస్తం కట్టినట్టు. ఇక చచ్చేదాకా పేరు పెట్టి పిలుచుకోరు, "నేస్తం" అనే పిలవాలి. ఇంట్లో పెళ్లయితే నేస్తానికి చీర పెట్టాలి, చావైతే మైల కూడా పట్టాలి. నేస్తంతో తగువు పడటం, పోటీకి దిగటం మహాపాపం.

ఇదంతా నాకు తిరుగు ప్రయాణంలో, బస్సు బరంపురం దాటాక గుర్తొచ్చింది. "అప్పా, రేపు ఆవిడ మీద నువ్వే కదా పోటీ?" అన్నాను మిల్లు ఆయన భార్యతో. ఆవిడ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, ముందువాళ్లకి ఏమిటో తెలియకుండా బస్సంతా కడుపులు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను గానీ, నవ్వుతూనే లెక్క వేసుకున్నాను. ఇద్దరూ నిలబడకపోతే ఎన్నిక వాయిదా. వాయిదాల మీద వాయిదాలు పడితే ప్రత్యేకాధికారి పాలన. నేను చెయ్యెత్తడానికి మనిషే లేకపోతే నా వంతెన ఏ గెడ్డలో కలిసినట్టు?

ఎన్నిక రోజు హాల్లోకి సభ్యుల్నే రానిచ్చారు. మొగుళ్లంతా కిటికీల ఊచలు పట్టుకుని నిలబడ్డారు. ఎన్నికల అధికారి గుంటూరు వైపు ఆయన, కొత్తగా వచ్చాడు. మిల్లు వైపు సభ్యుడు లేచి ఆవిడ పేరు చెప్పాడు.

"నాను నిలబడ్ను బాబూ. నా నేస్తం ఉన్నాది, ఆవిడికి ఇచ్చీండి" అంది మిల్లు ఆయన భార్య.

"బాగుందిలే! నేస్తాన్ని కింద కూకోబెట్టి నాను కుర్చీ ఎక్కుతానేటి? నాకొద్దు" అంది కొట్టు ఆయన భార్య.

"నువ్వే ఉండు నేస్తం." "కాదు, నువ్వే." విందులో ఇంకో గారె వేసుకోమని బలవంతం చేసినట్టుగా కుర్చీని అటూ ఇటూ తోసుకున్నారు. అధికారి తికమకపడి, "ఈ నేస్తం ఏ పార్టీ అమ్మా?" అని అడిగాడు. కిటికీల దగ్గర నుంచి మిల్లు ఆయన "ఒసే!" అని అరిచాడు. ఆవిడ వినిపించుకోలేదు.

అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. లేచి నిలబడి బల్ల మీద ఒక్కటి చరిచాను. "మీ నేస్తం సల్లగుండ! మరి నా గెడ్డ సంగతేటి? మీరిద్దరూ కుర్చీ తోసుకుంటా కూకుంటే నా గుంట సదువు ఎవులు సూత్తారు? ఆ గెడ్డ ఒడ్డున గంట వింటా నాను ఉండిపోనాను. అదీ ఉండిపోవాలేటి?" అన్నాను. ఏడుపు తన్నుకొస్తే కొంగుతో మొహం తుడుచుకున్నాను.

మిల్లు ఆయన భార్య నన్ను ఎగాదిగా చూసింది. "అయితే నువ్వే కూకోయే" అంది. కొట్టు ఆయన భార్య "అవునే, మా ఇద్దరికీ తగువు లేకుండా ఉంటాది" అని బలపరిచింది. పార్టీ చెప్పినవాళ్లకే చెయ్యెత్తాలన్న విప్పుల సంగతేమిటని ఎవరో అడిగితే, ఆ ఇద్దరూ పోటీలోనే లేరు కదా, లేనివాళ్లకి చెయ్యెత్తమని ఏ విప్పూ చెప్పదని ఇంకెవరో అన్నారు. హాల్లో ఉన్న చేతులన్నీ లేచాయి. కిటికీల దగ్గర మొగుళ్లవి కూడా లేచాయి, తలలు పట్టుకోడానికి.

మొదటి సమావేశానికి మా ఆయన తెల్లచొక్కా తొడుక్కుని నా పక్కన కుర్చీ వేయించుకోబోయాడు. గేదెకి కుడితి పెట్టి రమ్మన్నాను. మొదటి తీర్మానం వంతెన. ఆపేవాళ్లు ఎవరూ లేకపోయారు. ఇన్నేళ్లూ ఆ వంతెనకి అడ్డం డబ్బు కాదు, రెండో పార్టీ. జిల్లా పరిషత్తుకి నేస్తాలిద్దరూ ఒకే ఆటోలో వెళ్లి చెరో పార్టీ సభ్యుణ్ణీ పట్టుకుని కూర్చున్నారు. మండలం దగ్గర ఉన్నవి పోగా మిగతా నిధులు అలాగే వచ్చాయి. అయినా ప్రభుత్వ పని ప్రభుత్వ పనే. మొదటి వానాకాలం దాటిపోయింది. నీళ్లు పొంగిన రోజుల్లో నా కూతురు పుస్తకాల సంచి వీపున వేసుకుని ఒడ్డున నిలబడి, గంట విని, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేసేది. ఆ రోజుల్లో అధ్యక్షురాలినన్న మాట నాకే సిగ్గుగా ఉండేది.

రెండో వానాకాలానికి వంతెన లేచింది. ప్రారంభోత్సవం ఎవరు చెయ్యాలో పార్టీలు ఇంకా తేల్చుకుంటూనే ఉన్నాయి, ఈలోగా రాత్రంతా కురిసి తెల్లారేసరికి గెడ్డ నిండిపోయింది. నేను గొడుగు పట్టుకుని ముందే వెళ్లి నిలబడ్డాను. రిబ్బను ఉందో లేదో నా కూతురు చూసుకోలేదు. పక్కింటి పిల్లతో నిన్నటి లెక్క గురించి పోట్లాడుతూ, కింద ఎర్రటి నీళ్లు సుడి తిరుగుతున్నా ఒక్కసారి కూడా వంగి చూడకుండా, మామూలు రోడ్డు మీద నడిచినట్టు నడిచి అవతలికి వెళ్లిపోయింది. నా వైపు కూడా చూడలేదు. నేను గొడుగు మూసేసి, ఆ వానలో నిలబడి నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.