గరిడేపల్లి బడిలో ఒక అరటిపండు

పిల్లలు స్నేహాలు ఎలా చేస్తారో చూడటం నా ఉద్యోగం. ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, బాగానే చేస్తానని నమ్మకం కూడా. గరిడేపల్లి దగ్గరి ఓ బడిలో ‘నువ్వు ఎవరితో ఆడతావు?’ అని రాయమంటే, మూడో తరగతి శ్రావణి పేరు ఒక్కరూ రాయలేదు. ‘ఒంటరి పిల్ల’ అని నివేదిక ఇచ్చేశాను. అది విని వాళ్ల నాన్న సైదులు, గొర్రెల కాపరి, బిడ్డను మిర్యాలగూడ హాస్టల్లో వేస్తానన్నాడు. నా ఒక్క మాటకు ఎనిమిదేళ్ల పిల్ల ఇల్లు వదలడమా అని మనసు ఊరుకోలేదు. హాస్టల్లో చేర్చే రోజు పొద్దున్నే ఆ బడికి బయలుదేరాను.

సూర్యాపేటలో ఆరున్నరకు ఇడ్లీ తిని బస్సెక్కితే ఏడున్నరకు కోదాడ. నేరుగానూ వెళ్లొచ్చు గానీ, ఆ పూట సెలవు పెట్టి నాతో వస్తానన్న క్లాసు టీచరు పద్మగారిని అక్కడ కలుపుకోవాలి. మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్ మీదుగా గరిడేపల్లికి వెళ్తుంది. అక్కడి నుంచి ఆటోకు యాభై. శ్రావణి మంద వెంట నెలల తరబడి వెళ్లిపోతుందని, ఆ సంగతి ముందే చెప్పాల్సిందని పద్మగారు దారంతా నొచ్చుకున్నారు.

మేం చేరేసరికి ఇంటర్వెల్. పిల్లలు దొంగాట ఆడుతున్నారు, నడిమధ్య శ్రావణి నవ్వుతూ పరుగెడుతోంది. దొంగ ఆమెను పట్టుకుని కూడా వదిలేశాడు. నేను తెల్లబోయాను. మరి పేరెందుకు రాయలేదని ఆమె పక్కన కూర్చునే రమ్యను అడిగాను.

“ఆమె అరటిపండు గదా మేడం. మాతోని ఆడ్తది గానీ లెక్కల ఉండది. ఎప్పుడు మంద వెంట పోతదో తెల్వది.”

ఆటలో అరటిపండు! నేనూ చిన్నప్పుడు అయినదాన్నే. నా ప్రశ్నల్లో దానికి చోటే లేదు. సిగ్గేసింది.

ఇంటర్వెల్ ముగియకముందే సైదులు బట్టల సంచితో వచ్చాడు. తప్పు నాదేనని, బిడ్డకు ఇక్కడ తోడుందని చెప్పాను. అతను శ్రావణినే అడిగాడు.

“హాస్టల్‌కు పోను నాయినా. ఈళ్లను నన్ను గూడ అవుట్ చెయ్యమను.”

సైదులు సంచి మళ్లీ భుజాన వేసుకుని, “ఇగ మంద వెంట తోల్కపోను మేడం. ఈడనే మా అమ్మ కాడ ఉంచుత,” అన్నాడు. మళ్లీ ఆట మొదలైంది. అందరికంటే ముందు శ్రావణే దొరికిపోయింది. “నేను అవుట్!” అని బడంతా వినబడేలా అరిచింది.

మిర్యాలగూడ రైలుకు వెళ్తూ బస్సులోనే నివేదిక తిరగరాశాను. పిల్లలకు జాలి చాలదు, ఓడిపోయే హక్కు కూడా కావాలి. ఇది నాకు ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఇలాంటి పని మీద ఇటు వచ్చేవారికి ఒక్క సలహా: కోదాడలో ఎనిమిదింటి బస్సు పట్టుకోండి, ఇంటర్వెల్ గంటకు ముందే బడి చేరతారు. ఆట చూశాకే కాగితం తీయండి.