మొదలు చూడని సినిమా

పెళ్లి కాకముందు, ఆత్మకూరులో ఒక ప్రైవేటు కాలేజీలో గుమాస్తాగా పనిచేస్తున్న ఆ రోజుల్లో, ఏ సినిమా అయినా నేను వెళ్లి కూర్చున్నాకే మొదలైనట్టు లెక్క అని నాకొక గట్టి నమ్మకం ఉండేది. అది నేను కనిపెట్టింది కాదు. గద్వాల పక్కన మా ఊరికి టూరింగ్ టాకీసు వచ్చినప్పుడు, దొరలుండే గడీ నుంచి మా తాతగారు వచ్చి కుర్చీలో కూర్చునేదాకా ఆపరేటరు రీలు తిప్పేవాడు కాదట. ఆయన కావాలనే అరగంట ఆలస్యంగా వెళ్లేవారట. మనం ఒకరి కోసం ఎదురుచూడకూడదు, మన కోసమే ఎదురుచూడాలి అని. తర్వాత గడీ పోయింది, భూములు పోయాయి, ఆ కుర్చీ కూడా ఎవరింట్లోనో ఉంది. అరగంట ఆలస్యం మాత్రం చెక్కుచెదరకుండా నాదాకా వచ్చింది. (దాన్ని కొనేవాళ్లు దొరకలేదు మరి.) దానివల్ల నాకు నష్టమేమీ తెలియలేదు, ఎందుకంటే నేను చూసేవన్నీ పాత పౌరాణికాలే. వాటికి ఎప్పుడు వెళ్లి కూర్చున్నా ఎవరు ఎవరి కొడుకో, చివరికి ఎవరు గెలుస్తారో ముందే తెలుసు. తక్కిన సినిమాలు మనలాంటివాళ్లకు కావని చిన్నప్పుడే తీర్మానించుకున్నాను.

నా బిగుసుకున్న మెడ చూసి అప్పటికే మూడు సంబంధాలు వెనక్కి పోయాయి. ముప్పై ఒకటో ఏట మా మేనత్త పట్టు వదలకుండా కోడేరు వాళ్ల అమ్మాయిని చూపించింది. వనపర్తిలో ఒక బడిలో లెక్కలు చెప్పేది. ఎదుటివాళ్ల మాట పూర్తికాకముందే జవాబిచ్చేది, ఇచ్చి నవ్వేది. నాకు చూడగానే నచ్చింది. నచ్చినట్టు బయటపడకూడదని గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

"మీరు ఏం సినిమాలు చూస్తరు?" అని అడిగింది.

"మంచివి," అన్నాను.

"మంచియి అంటే?"

"అంటే... కథ తెలిసినవి."

ఆమె పక్కనే కూర్చున్న వాళ్ల వదిన వైపు ఒకసారి చూసి, "అయితే తెల్వనిది ఒకటి చూద్దాం. వదిన గూడ వస్తది. చూసినంక నా మాట చెప్త," అంది. బయటికి రాగానే మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "గిదన్న చెడగొట్టకు నాయనా. గిసోంటి పిల్ల మళ్ల దొరకదు." చెడగొట్టాలని నాకూ లేదు. నిజం చెప్పాలంటే ఆ వారమంతా రిజిస్టర్లలో తప్పుడు తేదీలు వేశాను.

ఆదివారం మధ్యాహ్నం రెండున్నర ఆట. నేను రెండింటికే వనపర్తిలో బస్సు దిగాను. వేళకు వెళ్తే చులకనైపోతామని హాలుకు ఎదురుగా ఉన్న హోటల్లో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి మూడు చాయ్‌లు తాగాను. గేటు దగ్గర వదినా మరదళ్లు నా కోసం అటూ ఇటూ చూడటం అక్కడి నుంచి బాగా కనపడుతోంది. ఆమె నాలుగుసార్లు చేతి గడియారం చూసుకుంది. నాకు ఛాతీ ఉప్పొంగింది. (ఇప్పుడిది రాయడానికే సిగ్గేస్తోంది.) చివరికి నా టికెట్టు గేటు మనిషి చేతిలో పెట్టి వాళ్లు లోపలికి వెళ్లారు. మూడు దాటాక నేను తాపీగా వెళ్లి, జనం మోకాళ్లు తొక్కుకుంటూ ఆమె పక్క సీటు చేరుకున్నాను.

పోస్టర్ల వంక చూసే అలవాటు లేదు. సినిమా పేరు ఎవరో ఆడమనిషిది కాబట్టి కుటుంబ కథ అనుకున్నాను. తెర మీద పెద్ద ఇల్లు, ఇంటినిండా మనుషులు, గద్వాల చీర కట్టిన కోడలు. ఇంట్లో ఆమెను ఎవరూ పలకరించరు, తిన్నావా అని అడగరు. ఆమె పల్లెత్తు మాట అనదు. అత్త వస్తే తలుపు చాటున నిలబడుతుంది. నా మనసు కరిగిపోయింది. బాధంతా హాల్లో జనం సంస్కారం గురించే: ఆ పిల్ల వంటింట్లోకి వచ్చిన ప్రతిసారీ ఒకటే కేకలు! కోడలు వంటింట్లోకి రావడం కూడా తప్పేనా? వదిన కొంగు ముఖానికి కప్పుకుంది. మరదలు కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఒక్కణ్ణే వెన్ను వాల్చకుండా, కనురెప్ప కొట్టకుండా కూర్చున్నాను.

ఇంటర్వెల్లో ఆమె నా ముఖంలోకి వింతగా చూసి, "మీకు జర గూడ భయం గాలేదా?" అంది.

"భయమెందుకు? ఎంత మర్యాద గల పిల్ల! ఎంత తక్కువ మాట్లాడుతుంది! అందరూ తిన్నా తను ముద్ద ముట్టదు. ఈ కాలంలో అట్లాంటి కోడళ్లు ఎక్కడున్నారు?"

వదిన నోట్లో పెట్టుకోబోయిన సమోసా ఆగిపోయింది. "అన్నా, గామె సచ్చిపోయింది."

"ఎప్పుడు?"

"మీరు రాకముందే. బాయిల వడ్డది. ఇప్పుడు తిరుగుతున్నది దయ్యం!"

చుట్టుపక్కల సీట్ల వాళ్లు కూడా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. "ఎందుకు ఆలస్యమైంది?" అని నెమ్మదిగా అడిగింది. బస్సు మీదికి తోసేద్దామనుకున్నాను. కానీ అబద్ధమాడటానికీ మా ఇంటి అభిమానమే అడ్డొచ్చింది. ఎదురు హోటల్లోనే ఉన్నానని, ఎందుకున్నానో, అంతా చెప్పాను. ఆమె కాసేపు చేతిలోని టికెట్టు ముక్కను మడతలు పెట్టింది. "వచ్చే ఆదివారం గూడ ఆడుతదట. మొదలు చూసి రాండ్రి. అప్పుడే నా మాట." వదిన వెంటనే అందుకుంది: "గేటు తీయకముందే లైన్ల నిలవడాలె అన్నా. నడుమ వస్తే లెక్కకు రాదు."

ఆ వారం మా అత్తకు ఫోన్ చేయలేదు. ఆదివారం ఒంటిగంటన్నరకే, ఎండలో, ఇనుప కడ్డీల మధ్య, నా జీవితంలో మొదటి లైనులో నిలబడ్డాను. మా ఊరి పెద్దమనిషి ఒకాయన అటుగా పోతూ ఆగాడు. "దొరా! మీరు గీ లైన్లనా?" "ఎండ ఎట్లున్నదో చూస్తున్న," అన్నాను. ఆయన ఎండను, నన్ను చూసి జాలిగా వెళ్లిపోయాడు.

సినిమా మొదలైంది. మొట్టమొదటి సీన్లో ఆ కోడలు మామిడికాయ కొరుకుతూ, అత్తకు మాటకు మాట చెబుతూ, ఇల్లంతా తిరుగుతూ పకపకా నవ్వుతోంది. తక్కువ మాట్లాడే పిల్ల కాదు, అసలు ఆగని పిల్ల. పది నిమిషాల్లోనే నాకు బాగా చనువైంది. పదకొండో నిమిషంలో బావిలో పడిపోయింది. ఆ తర్వాత, పోయిన వారం నేను మెచ్చుకున్న ఆ వంటింటి గుమ్మంలోనే, అదే గద్వాల చీరలో, తడి జుట్టుతో మళ్లీ నిలబడింది. హాలు మొత్తం వినేట్టు ఒక కేక లేచింది. పక్కసీటు రైతు నా చేతులు తన మెడ మీది నుంచి విడిపించుకుంటూ, "ఏమైంది సారూ? గామె ఇంక ఏం చేయనేలేదు గద!" అన్నాడు.

బయటికొచ్చేసరికి మెట్ల మీద వదినా మరదళ్లు నిలబడి ఉన్నారు. నా వెనక మూడో వరసలోనే కూర్చున్నారట. "అన్నా, గా కేక మీదేనా?" అంది వదిన.

"నా పక్కాయనది," అన్నాను మెడ నిలబెట్టి.

ఆమె వదినను కాస్త దూరం పంపి, తల వంచుకుని మాట్లాడింది. "పోయిన వారం అందరు మొత్తుకుంటుంటే మీరు కదలకుండ కూసున్నరు. గట్ల కూసునేటాయనతోని ఎట్ల బతకాలె అని దయ్యం కన్న ఎక్కువ భయమైంది నాకు. ఇయ్యాల పోయింది. ఇంట్ల చెప్త." పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పాపం, మీ పక్కాయన ఇంటికి పోయి నీళ్లు తాగి పండుకుంటే మంచిది," అంది.

ఇది జరిగి పదేళ్లు దాటింది. ఆ కేక నాది కాదని నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఆమె ఇప్పటికీ వాదించలేదు. అప్పుడప్పుడూ, ఏ దయ్యం సినిమాకో వెళ్లి దీపాలు ఆరిపోగానే, నా చెయ్యి తీసుకుని తన చేతిలో పెట్టుకుని, "మీ పక్కాయన ఇయ్యాల గూడ వచ్చిండా?" అని అడుగుతుంది. వచ్చాడనే చెబుతాను.