పదకొండేళ్ళు మాగిన పుస్తకం

మాచర్ల హనుమయ్య మాగని అక్షరం ముట్టడు.

మామిడికాయని గడ్డిలో మాగేసినట్టు, అచ్చయిన ప్రతిదాన్నీ కొంతకాలం పక్కన పడేసి, పండిందని నమ్మకం కుదిరాకే చదువుతాడు. దినపత్రికకి ఏడాది. వారపత్రికకి రెండేళ్ళు. నవలకి అయిదు. ఎన్నికల మేనిఫెస్టోకి సరిగ్గా అయిదేళ్ళు, అదీ ఆ ప్రభుత్వం దిగిపోయే రోజున. హాస్యరచనల్లో ఆయనకి అత్యంత ఇష్టమైన ప్రక్రియ ఇదే.

ఇంత నియమం పాటించడానికి ఆయన పండితుడేమీ కాదు. మాచర్ల బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరైనవాడు. మైకు ముందు కూర్చుని "ఇప్పుడే బయలుదేరుచున్నది" అని ముప్పై ఏళ్ళు అరిచీ అరిచీ, 'ఇప్పుడే' అన్న మాట మీద నమ్మకం పోగొట్టుకున్నాడని ఊళ్ళో ఒక సిద్ధాంతం ఉంది.

రోజూ తొమ్మిదింటికల్లా శాఖా గ్రంథాలయానికి వస్తాడు. బల్ల మీద ఆ రోజు పేపర్లు రెపరెపలాడుతుంటాయి. వాటిని పచ్చి చింతకాయల్ని చూసినట్టు చూసి, పళ్ళు పులిసినట్టు మొహం పెట్టి, నేరుగా గ్రంథపాలకురాలు దయామణి దగ్గరికి పోతాడు.

"అమ్మాయ్, పేపరు."

దయామణి అడుగు అరలోంచి పోయినేడాది అదే తారీఖు పేపరు తీసి ఇస్తుంది. పాత పేపర్లని ఏ గ్రంథాలయమైనా తూకానికేస్తుంది. ఈ ఒక్క గ్రంథాలయం మాత్రం ఏడాది పొడుగునా దాచిపెడుతుంది, ఒక్క పాఠకుడి కోసం.

"ఏంది బాబాయ్, ఈ పిచ్చి? నిన్న జరిగింది ఈ రోజు తెలుసుకుంటే తప్పేంది?"

"నిన్న జరిగింది నిజమో కాదో ఈ రోజు తెలియదు గదమ్మాయ్. ఏడాదికి తాలు పోయి గింజ మిగులుద్ది. గింజ చదువుకుంటే చాలదూ?"

దీనికి జవాబు గ్రంథాలయశాస్త్రంలో లేదు. దయామణి ఊరుకునేది.

ఊరుకోలేనిది ఆయన భార్య వెంకటరమణమ్మ. ఒకరోజు రొప్పుకుంటూ గ్రంథాలయానికే వచ్చింది.

"మణీ, మీ బాబాయికి ఇంక పేపరియ్యబాకే! పొద్దున్నే 'ఈ రోజు వానే, మిరపకాయలెత్తు' అన్నాడు. నమ్మి కల్లంలో కాయంతా ఎత్తించా. ఎండ నిప్పులు చెరుగుతుంది. ఏందయ్యా వానంటే, పోయినేడు పేపర్లో రాశారంట!"

"మరి పోయినేడు పడిందా పిన్నీ?" అంది దయామణి, నవ్వు ఆపుకుంటూ.

"అదే అడిగా. 'పడలేదు, అందుకే బాకీ ఉంది, ఈ రోజు పడుద్దేమోనని' అంటన్నాడు!"

పెళ్ళి శుభలేఖల సంగతీ అంతే. వచ్చిన లేఖని విప్పకుండా అటక మీద పెడతాడు. ఏడాది తర్వాత విప్పి, ముహూర్తం చూసుకుని, మైసూర్‌పాక్ పొట్లం పట్టుకుని వధూవరుల ఇంటికి వెళ్తాడు. అప్పటికి వధువు చంటిదాన్ని ఎత్తుకుని తలుపు తీస్తుంది. "పెళ్ళికి రాలేదేం బాబాయ్?" అని అడిగితే ఒకటే మాట:

"తొక్కిడిలో మనమెందుకు?"

కోటప్పకొండ తిరునాళ్ళకీ అదే మాట. శివరాత్రికి లక్షలమంది ప్రభల వెనక నడిచి కొండెక్కుతుంటే ఈయన ఇంట్లో వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ ఉంటాడు. జనమంతా దిగిపోయాక నాలుగోరోజు వెళ్తాడు. "స్వామి తీరిగ్గా ఉన్నాడు. ఆయనా నేనూ, ఇద్దరమే. చానాసేపు మాట్లాడుకున్నాం," అని వచ్చి చెప్తాడు, ఎవరో పరిచయస్తుణ్ణి చూసొచ్చినట్టు.

అన్నిటికన్నా ఘనకార్యం దయామణి ఇంట్లోనే జరిగింది. ఆమె తల్లి ఫిలోమినా పోయినప్పుడు ఊరంతా వచ్చింది, ఈయన తప్ప. ఏడాది గడిచింది. ఏడాది ప్రార్థన కూడా అయిపోయి చుట్టాలు ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాక, ఒక సాయంత్రం హనుమయ్య అరటిపళ్ళ హస్తం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ రోజే చదివానమ్మాయ్. మీ అమ్మ పోయిందంట గదా."

ఆ ఏడాదంతా రోజూ ఆమె చేతుల మీదుగా పేపరు అందుకున్నవాడే ఈ మాట అన్నాడు! దయామణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన తీరిగ్గా కూర్చుని, మీ అమ్మ చేపల పులుసులో ఏమేసేది, ఎవరెవరితో పోట్లాడేది, పోట్లాడితే ఎన్నాళ్ళు మాట్లాడేది కాదు, అని రెండు గంటలు అడిగి, రెండు అరటిపళ్ళు తానే తిని వెళ్ళిపోయాడు. ఏడాది ఆలస్యంగా వచ్చిన ఈ పరామర్శని దయామణి చాలాకాలం నలుగురికీ వేడుకగా చెప్పుకుంది.

ఇక అసలు కథకి మూలం ఒక పుస్తకం. పేరు 'నా పళ్ళు నా ఇష్టం'. రాసినవాడు దంతాల దానయ్య. మాచవరంలో పుట్టి, పెదవి కన్నా ముందు ప్రయాణించే పళ్ళతో టీవీలో ఆదివారం ఆదివారం రాష్ట్రాన్ని నవ్వించినవాడు. పదకొండేళ్ళ కిందట ఆ జ్ఞాపకాల పుస్తకం వచ్చినప్పుడు మాచర్లలో దానికోసం వరస కట్టారు. కారణం నాలుగో అధ్యాయం: 'మాచర్ల మైకు'.

దానయ్య మొదటి టీవీ అవకాశానికి హైదరాబాదు వెళ్తూ మాచర్ల బస్టాండులో పడ్డ పాట్లు అందులో ఉన్నాయి. "ఆ కంట్రోలరు గొంతు వింటే కష్టంగా ఈనుతున్న గేదె గుర్తొస్తుంది," అని రాశాడు. "బస్సు వెళ్ళిపోయిన పది నిమిషాలకి దాని రాకను ప్రకటించి, గౌరవంగా వీడ్కోలు చెప్పే ఏకైక ఉద్యోగి," అనీ రాశాడు. ఆయన్ని అనుకరించడంతోనే టీవీలో మొదటి చప్పట్లు కొట్టించుకున్నాడట. పేరు రాయలేదు. మాచర్లలో పేరు అక్కర్లేదు.

హనుమయ్య టీవీ చూడడు. టీవీని మాగేసే పద్ధతి ఆయనకింకా దొరకలేదు. కానీ పుస్తకం వచ్చిన రోజే గ్రంథాలయానికొచ్చి, మొదటి పేజీ మీద తారీఖు ముద్ర చూసుకుని, "స్వీయచరిత్రకి పదకొండేళ్ళమ్మాయ్. పదేళ్ళకి రాసినోడి అబద్ధాలు బయటపడతయ్, ఇంకో ఏడు వాడు సిగ్గుపడటానికి," అని వెళ్ళిపోయాడు.

దయామణికి దిగులు పట్టుకుంది. ఎవరినీ నొప్పించని మనిషి, గేదె దాకా చదివితే ఏమైపోతాడు? మొహం చెల్లక గ్రంథాలయానికి రావడమే మానేస్తాడేమో? బాగా ఆలోచించి, ఊరంతా చదివేశాక, వృత్తిధర్మాన్ని ఒక నిమిషం పక్కనపెట్టి, ఆ అధ్యాయం పేజీలన్నీ కలిపి స్టేప్లర్‌తో చుట్టూ పిన్నులు కొట్టేసింది. పద్నాలుగు పిన్నులు. పదకొండేళ్ళలో ఈయనే మర్చిపోతాడనుకుంది.

ముప్పై ఏళ్ళు టైంటేబుల్‌తో కాపరం చేసినవాడు తారీఖు మర్చిపోతాడా? పదకొండేళ్ళు నిండిన రోజున, ఇస్త్రీ చొక్కా వేసుకుని ప్రత్యక్షమయ్యాడు.

"అమ్మాయ్, పళ్ళ పుస్తకం."

"అది... బైండింగుకి పోయింది బాబాయ్."

"నీ వెనక బీరువాలో ఉంది. మూడో అర."

ఇచ్చింది. ఆయన కిటికీ పక్కన కూర్చుని చదువుతూ పదకొండింటికి పిన్నుల దగ్గరికొచ్చాడు. పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. జేబులోంచి చిన్న చాకు తీసి, ఒక్కో పిన్నూ పీకి, కవర్లో వేసి తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"పద్నాలుగు. గవర్నమెంటు సొత్తు. జాగ్రత్త చెయ్యి."

"బాబాయ్, అది చదవబాకండి. అందులో మీ గురించి..."

"తెలుసులే. పదకొండేళ్ళబట్టి బజార్లో నన్ను చూసి ప్రతివాడూ పళ్ళు బయటపెడతన్నాడు. ఊరికే పెడతారా? ఎందుకో పండినాక చూద్దామని ఆగా."

వెళ్ళి చదివాడు. మొహంలో ఏ భావమూ లేదు. పుస్తకం మూసి, చంకలో పెట్టుకుని, గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. రెండు రోజుల పోయినేడు పేపర్లు బల్ల మీద అట్లాగే ఉన్నాయి. దయామణి స్టేప్లర్ని అడుగు సొరుగులోకి తోసేసి, గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

మూడోరోజు తొమ్మిదింటికి వచ్చాడు. చేతిలో నాలుగు ఠావుల ఉత్తరం.

"రాసేసరికి రెండ్రోజులు పట్టింది. ఆ దానయ్య ఎక్కడుంటన్నాడో కనుక్కుని అడ్రసు రాయి. తప్పులేమన్నా ఉంటే చూడు."

దయామణి చదివింది.

'మహారాజశ్రీ దానయ్య గారికి. మీ గ్రంథం సకాలంలో చదివాను. అరవై మూడో పేజీలో బస్సు నలభై నిమిషాలు లేటన్నారు. ఇరవై రెండు. అరవై నాలుగులో నా గొంతును గేదెతో పోల్చారు. పోలిక బాగున్నది గాని, ఆ గొంతు మైకుది. కొత్త మైకు కోసం మూడుసార్లు అర్జీ పెట్టుకున్నాను. అరవై ఆరో పేజీలో వెళ్ళిపోయిన బస్సుకి వీడ్కోలు సంగతి మూడుసార్లు చదివి మూడుసార్లు నవ్వాను. మూడోసారి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసింది. పదకొండేళ్ళు నిలవున్నా నవ్వు చెడలేదంటే సరుకు మంచిది. పుస్తకం వచ్చిన కొత్తలో మీ గుమ్మంలో జనం తొక్కిడి ఉండి ఉంటుంది. ఇప్పుడు ఉండదని తలచి రాస్తున్నాను.'

ఆఖరి వాక్యం దగ్గర దయామణి ఆగిపోయింది. ఎందుకో అరటిపళ్ళ హస్తం కళ్ళ ముందుకొచ్చింది. చుట్టాలంతా వెళ్ళిపోయాక, అమ్మ పేరెత్తేవాళ్ళే లేని ఆ సాయంత్రం, చేపల పులుసు గురించి అడిగిన రెండు గంటలూ గుర్తొచ్చాయి.

"తప్పులున్నయ్యా?" అన్నాడు హనుమయ్య.

"లేవు బాబాయ్," అని తలొంచుకుని అడ్రసు రాసింది.

పది రోజుల తర్వాత ఒక పెద్దమనిషి గ్రంథాలయం మెట్లెక్కాడు. పళ్ళు చక్కటి వరసలో ఉండటంతో దయామణి గుర్తుపట్టలేదు.

"నేను దానయ్యనమ్మా. అవి ఊడినయ్. ఇవి డాక్టరు గారి ఇష్టం."

దానయ్య వెళ్ళి హనుమయ్య ఎదురుగా కూర్చుని జేబులోంచి ఉత్తరం తీశాడు. "పుస్తకం వచ్చిన నెలలో ఉత్తరాలు సంచుల్లో వచ్చినయండీ. ప్రోగ్రాం ఆగిపోయి ఏడేళ్ళు. ఈ ఏడేళ్ళలో కరెంటు బిల్లు తప్ప నా పేరున ఒక్క కాయితం రాలేదు. మొన్న ఇదొచ్చింది. గేదె సంగతి... క్షమించాలి."

"గేదెకి చెప్పండి. నేను బాగానే ఉన్నా. రెండో భాగం రాయరాదూ?"

"రాస్తే చదువుతారా?"

"ఎందుకు చదవను? పదకొండేళ్ళాగి చదువుతా."

"అప్పటికి మీకు ఎనభై ఆరండీ!"

"అయితే త్వరగా రాయండి. లేటు చెయ్యబాకండి."

మాటల్లో సాయంత్రమైంది. దానయ్య ఉలిక్కిపడి లేచాడు. "నాలుగుంబావుకి పిడుగురాళ్ళ బస్సుందండీ."

హనుమయ్య గోడ గడియారం వైపు చూసి, గొంతు సవరించుకుని, గేదెతో సహా పాత గొంతు తెప్పించుకున్నాడు. "ప్రయాణికులకు విజ్ఞప్తి. పిడుగురాళ్ళ వెళ్ళు బస్సు... వెళ్ళి పది నిమిషాలైనది."

నాలుగుంబావు దాటే దాకా హనుమయ్య గడియారాన్ని మూడుసార్లు చూడటం దయామణి అంతకుముందే గమనించింది. నవ్వు దాచుకుని రిజిస్టరులో తలదూర్చింది.

దానయ్య డాక్టరు కట్టిన పళ్ళన్నీ కనపడేట్టు నవ్వాడు. హనుమయ్య పోయినేడు పేపరు మధ్యకి విప్పి, బెంచీ మీద పక్కకి జరిగాడు.

"కూర్చోండి. మళ్ళీ బస్సు ఆరింటికి. ఇద్దరికి తొక్కిడేముంది?"