రాముణ్ణి పట్టిన చేయి

అక్షరం నేర్చిన ఆడదానికి మొగుడు దక్కడని మా వైపు అనేవారు. అందుకని పలక ముట్టలేదు. నాకు ఒక్క అక్షరం రాకుండానే నా మొగుడు పోయాడు. ఇక భయపడటానికి ఏమీ మిగలక, తల నెరిశాక ఓనమాలు దిద్దుకున్నాను. ఈ ప్రయాణం గురించి ఇంత ఆలస్యంగా రాయడం అందుకే.

మాది తోలుబొమ్మలాట మేళం. మా నాన్న మద్దెల వాయించేవాడు. ఆయన ఒళ్లోనే తాళం నేర్చాను. పెళ్లయ్యాక తెర వెనక పాట నాది, బొమ్మ నా మొగుడిది. మేళంలో ఒక కట్టడి ఉంది: రాముడి బొమ్మ పట్టినవారే ఆట పెద్ద. ఎవరు ఎప్పుడు రావాలో, ఏ యుద్ధం ఎంతసేపు సాగాలో వారి మాటే. నా మొగుడు పోయిన మరుసటి ఏడు కార్తీకంలో అన్నవరం కొండ కింద ఆటకు పిలుపొచ్చింది.

"రాముణ్ణి నేను పడతాను వదినా," అన్నాడు మరిది వీర్రాజు.

"పాట తెలియని చేయి బొమ్మను పరిగెత్తిస్తుంది. నేనే పడతాను," అన్నాను.

తేలకుండానే బయలుదేరాం. తెల్లవారుజామున తణుకు రేవులో పడవెక్కాం. నేను, వీర్రాజు, అతని భార్య మంగ, మద్దెల వాయించే ముసలాయన. పడవవాడు బొమ్మల పెట్టెకూ మనిషి చార్జీ అడిగాడు. అందులో రాముడున్నాడన్నాను. "అయితే ఇద్దరికివ్వండి, సీతమ్మను వదిలేసి రాడు కదా," అన్నాడు.

పక్కన కూర్చున్న బెల్లం వర్తకుడు మా గొడవంతా విని, "ఆడది తెర వెనక ఉంటేనే అందమమ్మా," అన్నాడు.

"ఆట పెద్ద ఉండేదీ తెర వెనకేనండి," అన్నాను. పడవంతా నవ్వింది. వీర్రాజు నవ్వలేదు.

చీకటి పడేసరికి విజ్జేశ్వరం. సత్రంలో పడుకుని, తెల్లారగానే గోదావరి దాటాం. మీరు వెళ్లినా పొద్దెక్కకముందే దాటండి, తరువాత గాలి తిరుగుతుంది. ధవళేశ్వరం నుంచి సామర్లకోటకు మళ్లీ కాలువ పడవ, అక్కణ్ణుంచి కొత్తగా పడిన రైలు. రైలు చప్పుడుకు ముసలాయన మోకాలి మీద దరువు వేస్తూ, "దీనికి తాళం తప్పదే అమ్మాయ్," అని మురిసిపోయాడు.

అన్నవరంలో దీపాల వేళకు తెర కట్టాం. ఆముదం దీపాలు వెలిగించి, బొమ్మలను ఈత ముళ్లతో తెరకు గుచ్చాం. నేను చేయి చాపేలోపే వీర్రాజు రాముణ్ణి అందుకున్నాడు. ముందు జనం కూర్చుని ఉన్నారు. పాట ఎత్తుకున్నాను. వనవాసానికి వెళ్లే రాముణ్ణి సంతకు ఆలస్యమైనవాడిలా పరిగెత్తించాడు. సీత పాట సగంలో ఉండగానే రాముడు అడవి దాటేశాడు.

పాట ఆపేశాను. మద్దెల ఆగింది. పాట లేనిదే బొమ్మ కదలకూడదు. అదీ మా కట్టడే. రాముడు ఒంటికాలి మీద నిలబడిపోయాడు.

"రాముడికి కాలు పట్టేసిందిరోయ్!" అని ఎవరో అరిచారు.

"పాడు వదినా, పరువు పోతుంది," అన్నాడు వీర్రాజు చెమటలు కక్కుతూ.

"పోతున్నది నీ చేతిలోనే. ఇటివ్వు."

మంగ నోట్లో కొంగు కుక్కుకుంది. బొమ్మ నా చేతికొచ్చింది. ఈసారి పాట ఊపిరి తీసుకున్న చోటల్లా రాముడు ఆగాడు, సీత అయోధ్య వైపు తిరిగి చూసింది. తెర అవతల ఎవరో ఆడమనిషి వెక్కడం వినిపించింది.

ఆట ముగిశాక ఆట పెద్ద తెర ముందుకొచ్చి తాంబూలం పుచ్చుకోవాలి. నేను వెళ్లాను. ఆట పెట్టించిన పెద్దమనిషి నా బోసి నుదురు చూసి పళ్లెం వెనక్కి తీసుకున్నాడు.

"విధవ చేతికి తాంబూలమా? మగవాణ్ణి పిలువమ్మా."

బొమ్మ కర్ర ఇంకా నా చేతిలోనే ఉంది. పైకెత్తాను.

"నాకివ్వకండి, రాముడికే ఇవ్వండి. పుచ్చుకునేది మాత్రం ఈ చెయ్యేనండి."

"ఇచ్చెయ్యండి బాబూ, స్వామి ఎంతసేపు నిలబడతాడు?" అన్నారు జనంలోంచి. ఇచ్చాడు.

 తిరుగు దారిలో, సామర్లకోటలో పెట్టె వీర్రాజే మోశాడు. రేవులోనూ రైల్లోనూ, ఎవరితో వచ్చావమ్మా అని అడుగుతూనే ఉన్నారు. రాముణ్ణి తీసుకొచ్చాను, తీసుకెళుతున్నాను అని చెప్పాను. ఆ దారి పొడుగునా నాకు నచ్చిన మాట అదొక్కటే.

ఇల్లు చేరిన మరునాడు ఉదయం పెరట్లో తెర కట్టి, తాళం నేర్చుకోమని వీర్రాజు చేతికి కంచు తాళాలిచ్చాను. మంగ చేతికి రావణుణ్ణిచ్చాను.

"నాకెందుకక్కా?" అంది.

"మీ ఆయనకు రాముడు కావాలట. ముందు నిన్ను గెలవమను," అని పాట ఎత్తుకున్నాను.