నీలం రంగు కింద ఇంటిపేరు

లెక్కల టీచరమ్మకు తన ఇంటిపేరంటే మహా మురిపెం. పెళ్ళయ్యాక కూడా మార్చుకోలేదు. ఊరంతా గాలించినా అలాంటిది ఇంకొకటి దొరకదనీ, అచ్చాపీసు పెట్టిన తాతగారి వల్లే దానికి పరువొచ్చిందనీ చెప్పి చెప్పి స్టాఫ్‌రూములో అందరి చెవులకూ తూట్లు పొడిచేది.

అందుకే వీధి చివర కొత్తగా తెరిచిన పరుపుల దుకాణం బోర్డు మీద అదే ఇంటిపేరు కనబడేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. విసవిసా లోపలికి వెళ్ళింది. దుకాణం ఆయన దూది దుమ్ములో కూర్చుని దబ్బనంతో పరుపు అంచు కుడుతున్నాడు.

"ఆ పేరు తీసెయ్యి. మీరూ మేమూ చుట్టాలమా అని జనం అడుగుతారు. తల కొట్టేసినట్టుంది నాకు."

"పుట్టినప్పట్నించీ మా ఇంటిపేరు అదేనమ్మా."

"ఉంటే ఇంట్లో పెట్టుకో. బోర్డెక్కించడం దేనికి?"

అప్పుడతని కూతురు ఈమె క్లాసులోనే చదువుతోంది. మర్నాటికి ఇంటిపేరు మీద నీలం రంగు పూసి ఉంది. టీచరమ్మ మనసు చల్లబడింది.

రిటైరయ్యాక ఆమె వంశచరిత్ర రాయడానికి పూనుకుంది. రికార్డుల ఆఫీసులో పాత జనాభా లెక్కలూ, దస్తావేజులూ తిరగేసి తిరగేసి కళ్ళు కాయలు కాశాయి. తాతకు ముందు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఆయన ఆకాశం నుంచి ఊడిపడ్డట్టే ఉంది. చివరికి, ఇంటిపేర్ల మీద పరిశోధన చేసిన ఒక ప్రొఫెసరు టేపులు యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయని తెలిసి అక్కడికి వెళ్ళింది. లైబ్రేరియన్ ఆ ఇంటిపేరున్న టేపు పెట్టి హెడ్‌ఫోన్లు అందించింది.

ఎవరో ముసలావిడ గొంతు. "మాది పరుపులు కుట్టే ఇల్లు బాబూ. జ్వరాల ఏడాది అమ్మానాన్నా పోయిన పసివాడొకడు మా దూది మూటల మధ్య దొరికాడు. మా అమ్మ నా పాలల్లో సగం వాడికి పోసింది. మా ఇంటిపేరే ఇచ్చి బళ్ళో వేసింది. దబ్బనం గీరుకుని వాడి కనుబొమ్మ తెగింది కూడా. పెద్దయ్యి అచ్చాపీసు పెట్టాడు. చూద్దామని వెళితే మేమెవరమో తెలీదన్నాడు."

వాళ్ళింటి హాల్లో తాతగారి ఫొటోలో కనుబొమ్మ మీద గాటు ఉంది. అచ్చు మిషను తగిలిందని ఇంట్లో చెప్పేవారు. టీచరమ్మ హెడ్‌ఫోన్లు తీసి, ఎవరైనా చూస్తున్నారేమోనని చుట్టూ చూసింది. మొహం చెల్లలేదు.

సంగతి విని తమ్ముడు, "అక్కా, పుస్తకంలో ఆ ఒక్క ముక్కా వదిలెయ్. ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"నాకు తెలిసింది కదరా."

మర్నాడు దుకాణానికి వెళ్ళింది. కూర్చోమన్నా కూర్చోలేదు. టేపులో విన్నదంతా నిలబడే చెప్పింది. "ఆ పేరు మీదేనండీ. మేం తెచ్చుకున్నాం. ఆ రోజు నోటికొచ్చినట్టు మాట్లాడాను, తప్పయిపోయింది. బోర్డు నేను రాయించి ఇస్తాను."

అతను దారం పేనుతూ అన్నాడు, "మా పాప మీ క్లాసులో ఉందనే పూశానండీ. కోపం మాత్రం చాన్నాళ్ళు పోలేదు. బోర్డు సంగతి నేను చూసుకుంటాలెండి." తర్వాత తలెత్తి, "ఆవిడ మా నాన్నకు మేనత్త అయ్యుండాలి. ఆ గొంతు నన్ను కూడా విననిస్తారా?" అన్నాడు.

ఇద్దరూ కలిసి లైబ్రరీకి వెళ్ళారు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్న కాసేపటికే అతను పకపకా నవ్వాడు. "అదిగో ఆ దగ్గు! మాటమాటకీ అలాగే దగ్గేది!" నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

"మీరిద్దరూ ఒకే కుటుంబమా?" లైబ్రేరియన్ అడిగింది.

టీచరమ్మ ఆశగా అతని వైపు చూసింది.

"మా అమ్మాయికి లెక్కలు చెప్పారండీ," అన్నాడతను.

టీచరమ్మ అవునని తలూపి, టేపు మళ్ళీ మొదటినుంచి పెట్టమని అడిగింది.